రెండు నిమిషాల డీజిలు

మే నెల మూడో శుక్రవారం
ప్రశంసాపత్రాలు అచ్చు తీసేది నేనే.
ఇరవై రెండేళ్లుగా ఇదే బల్ల, ఇదే కిటికీ,
కిటికీ అవతల ఇదే జెండా కర్ర.
ఉత్తర డకోటా గాలికి
దాని తాడు రోజంతా ఇనుముని కొడుతూనే ఉంటుంది.

మా జిల్లాలో బళ్లు మూడు, పిల్లలు నూట తొంభై ఒక్కరు,
బస్సులు ఐదు, నడిచేవి నాలుగు.
బంగారు అంచు కాగితాలు మాత్రం
ఎప్పుడూ ఓ పాతిక ఎక్కువే తెప్పిస్తాం,
నా ప్రింటరు బుద్ధి తెలుసు కనుక.

ఈసారి మొదటి పేరు ఆర్విడ్ హాగ్‌స్టాడ్.
నాలుగో నంబరు బస్సు.
"విశిష్ట సేవను యాభై మాటల్లో వివరించండి"
అని ఫారంలో ఒక గడి.

ఈ పేరు నేను ఇంతకు ముందూ కొట్టాను,
నవంబరులో, అంచు లేని కాగితం మీద.
"అయ్యా, పిల్లలెవరూ ఎక్కని చోట
ప్రతి ఉదయం రెండు నిమిషాలు బస్సు ఆపుతున్నట్టు
మా దృష్టికి వచ్చింది.
వృథా అయిన డీజిలుకు సంజాయిషీ ఇవ్వగలరు."
సంతకం సూపరింటెండెంటుగారిది.
వృథా అన్న మాట నాది.
ఆయన 'అదనపు' అనే చెప్పారు,
నాకే అది చాలలేదు.

సంజాయిషీ ఒక్క వాక్యం వచ్చింది, పెన్సిలుతో:
"అక్కడ ఒక కుర్రాడు ఉన్నాడు."

ఉన్నాడు. కోల్బీ రెంకె, తొమ్మిదో తరగతి.
సెప్టెంబరులో వాళ్ల నాన్న
గోధుమ గాదెలో నడుముదాకా, మెడదాకా, ఆపైన కూరుకుపోయాక
బడి మానేశాడు.
ఇంటి ముందు ఉత్తరాల డబ్బా, దానివెనక అరమైలు కంకర బాట,
బాట చివర వెలగని దీపం.

ఆర్విడ్ హారన్ కొట్టేవాడు కాదట.
తలుపు తెరిచేవాడు.
చలి మెట్లెక్కి వచ్చి
ముందు వరసలో పిల్లల బూట్ల మీద కూర్చునేది.
తలుపు మూసి, గేరు మార్చి, వెళ్లిపోయేవాడు.
మొదట్లో పిల్లలు సణిగారు.
తర్వాత వాళ్లే లెక్కపెట్టడం మొదలెట్టారు,
ఒకటి నుంచి నూట ఇరవై దాకా,
అందరూ కలిసి, గట్టిగా.
క్రిస్మస్ సెలవులు కాకముందే
నాలుగో బస్సు పిల్లలకి నూరు దాటిన అంకెలు ఎవరు నేర్పారని
ఒకటో తరగతి టీచరు నన్ను అడిగింది.
నాకేం తెలుసు?

ఫిబ్రవరిలో ఒక మంగళవారం,
సున్నాకి ముప్ఫై కింద,
తొంభై ఏడు దగ్గర లెక్క ఆగిపోయింది.

నిన్న రాత్రి జిమ్‌లో సభ.
మడత కుర్చీలు, పలచని కాఫీ,
వంటగది మర్లీస్ చేసిన పుల్లటి రూబార్బ్ కేకులు.
ఆర్విడ్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని,
మైకుకి మరీ దగ్గరగా జరిగి
"ముందు తలుపు స్ప్రింగు బిగుసుకుపోయింది,
ఎవరైనా చూస్తే బాగుండును" అని దిగిపోయాడు.
నవ్వారు, చప్పట్లు కొట్టారు.
కోల్బీ రాలేదు. దూడలు పుట్టే రోజులు.

గడిలో నేనేం రాశానంటే,
'పద్దెనిమిదేళ్లు, ఒక్క ప్రమాదమూ లేదు.'
అబద్ధం కాదు. నాలుగు మాటలు.
మిగతా నలభై ఆరు మాటల చోటూ
తెల్లగా ఉండిపోయింది.

నిబంధన ప్రకారం ఫైల్లోంచి ఏ కాగితమూ తీయకూడదు.
నవంబరు ఉత్తరం మీద పెన్సిలు చీటీ,
దానిమీద బంగారు అంచు నకలు.
నకల్లో అంచు బూడిదరంగుకి తిరిగింది.
నేను ఇవ్వాల్సిన సంజాయిషీకి
ఏ ఫైలూ లేదు.

పొద్దున రాగానే స్ప్రింగుకి ఆర్డరు పెట్టాను.
ముప్ఫై ఒక్క డాలర్లు, రవాణా అదనం.
'కారణం' అన్న చోట
తలుపు తెరుచుకోవాలి, అని కొట్టాను.